రొట్టెలమ్మ తినని రొట్టె

ట్రంకుపెట్టె మూత మూడోసారి దబ్బుమని పడింది.

రొట్టెలమ్మ తలెత్తలేదు. బల్లమీద పిండి పిసుకుతూనే ఉంది.

ముందుగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "నా ఊలు శాలువా ఏది? పోయేదాన్ని ఎలాగూ పోతున్నాను, చలికి మాత్రం పోదల్చుకోలేదు."

"మీ తలగడ కిందే ఉంది అత్తయ్యా."

"నిన్నెవరడిగారు? గోడనడిగాను. ఈ ఇంట్లో చెవులున్నవి గోడలకే."

ముసలమ్మకే చెవుడు. కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమచెవికి తనకు కావలసిన మాటలే వినిపిస్తాయి. ఎనభై రెండేళ్ల మనిషి మధ్యాహ్నం నుంచీ ఒక్కో చీరా మడిచి పెట్టెలో పెడుతోంది, తీస్తోంది, మళ్లీ పెడుతోంది.

రొట్టెలమ్మ భర్త కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని రొట్టె అచ్చులకు నూనె రాస్తున్నాడు. రాసిన అచ్చుకే నాలుగోసారి రాస్తున్నాడు.

"ఏవండీ, ఆ అచ్చు ఈదగలదు ఇప్పుడు," అంది రొట్టెలమ్మ.

ఆయన అచ్చు కింద పెట్టాడు. ఇంకొకటి తీసుకోలేదు.

సంగతంతా నిన్న సాయంత్రం మొదలైంది. అత్తగారి చిన్నకొడుకుని, అంటే రొట్టెలమ్మ మరిదిని, ఆసుపత్రివాళ్లు పంపేశారు. ఇంక మందులతో పనిలేదు, ఉంటే కొన్ని వారాలు ఉంటాడన్నారు. చర్చి అయ్యగారు వెళ్లి తీసుకొచ్చి, చర్చి పక్కగదిలో మంచం వేయించి పడుకోబెట్టారు. ఏడేళ్ల తర్వాత ఆ మనిషి ఈ వీధుల్లో అడుగుపెట్టడం. అడుగుపెట్టడమేమిటి, నలుగురు మోస్తే వచ్చాడు.

"రేపు ఆరాధన అయ్యాక వాణ్ణి ఇంటికి తెస్తారా, తేరా?" ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "తెస్తే ఈ పెట్టె మంచం కిందకి పోతుంది. తేకపోతే నాతోపాటు ఆ గదికి వస్తుంది. నా కడుపున పుట్టినవాడు ఇల్లుండగా పరాయిగోడలు చూస్తూ పోకూడదు."

"అమ్మా, కాస్త నెమ్మదిగా..." అన్నాడు కొడుకు.

"నువ్వు నెమ్మదిగానే ఉండరా. వాణ్ణి మెడపట్టి గెంటినరోజు మాత్రం ఎక్కళ్లేని తొందరా వచ్చింది నీకు."

భర్త మొహం పక్కకి తిప్పుకున్నాడు. రొట్టెలమ్మ పిండిముద్దని ఎత్తి బల్లకేసి కొట్టింది.

"తీసుకురండి అత్తయ్యా. మీ కొడుకు, మీ ఇష్టం. అతను వీధిగుమ్మంలోంచి లోపలికి రాగానే నేను పెరటిగుమ్మంలోంచి బయటికి పోతాను. ఇంటికి రెండు గుమ్మాలు పెట్టింది అందుకేగా."

మళ్లీ పిసకడం మొదలుపెట్టింది. పిండి చప్పుడే వినిపించింది.

చేత్తో పిసకడం ఆమెకి ఏడేళ్ల అలవాటు. అంతకుముందు వంటింటి మూల పిండి కలిపే మిషను ఉండేది. దాన్ని బిగించిన నాలుగు బోల్టుల రంధ్రాలు సిమెంటు నేలలో ఇంకా ఉన్నాయి. వాటిమీద ఆమె గోనెపట్టా పరిచింది. ఆ పట్టా మీద ఎవరూ కాలు పెట్టరు. చుట్టూ తిరిగి నడుస్తారు, అక్కడేదో నిద్రపోతున్నట్టు.

రొట్టెలమ్మ అని వీధి పెట్టిన పేరు. పేరుకి తగ్గట్టే ఉంటుంది ఎప్పుడూ: మోచేతులదాకా పొడిపిండి, నడుముకి నీలిగళ్ల ఏప్రను. ఏప్రనుకి రెండు నాడాలు. ఒకటి నీలిగళ్లది, రెండోది తెల్లది. అసలుది తెగి ఎక్కడో పోతే, పాత దిండుగలీబు చింపి కుట్టుకుంది. కొత్త ఏప్రను కొనమంటే, కట్టుకుంటే నిలుస్తోందిగా అంటుంది.

ఇప్పుడు పిసుకుతున్నది అమ్మకానికి కాదు. రేపు ప్రభువు బల్లమీద పెట్టే రొట్టె. నెలకోసారి చర్చిలో అందరూ ముక్కముక్కగా పంచుకుని తినే రొట్టె ఈ ఇంటినుంచే పోతుంది. ఏడేళ్లుగా ఒక్క నెల తప్పలేదు. ఏడేళ్లుగా అందులో ఒక్క ముక్క ఆమె నోట్లో పెట్టుకోలేదు. మనసులో ఒకరిమీద పగ పెట్టుకుని ఆ బల్ల దగ్గరికి రాకూడదని ఆమెకి చిన్నప్పుడే నేర్పారు. పగ పోలేదు. కాబట్టి తినదు. అబద్ధంగా తినేకంటే ఆకలితో ఉండటం మర్యాద అనుకుంది.

పెరటి తలుపు తోసుకుని కూతురు వచ్చింది. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. శనివారం ఒంటిపూటే. అందరూ చిట్టి అంటారు, ఇరవై నాలుగేళ్లొచ్చినా. భుజాన సంచీ, కుడిచేయి చున్నీ కింద. ఆ చేతికి బొటనవేలొకటే మిగిలింది.

"నానమ్మా, అంత పెట్టె ఎందుకు? నీ సామానంతా చేతిసంచీలో పడుతుందిగా."

"పోయేటప్పుడు చప్పుడవ్వాలే. సంచీ పట్టుకుపోతే కూరగాయలకి పోయిందనుకుంటారు."

చిట్టి నవ్వింది. తల్లి నవ్వకపోవడం చూసి ఆపేసింది.

"రేపు బాబాయ్ బల్లకి వస్తాడమ్మా. చక్రాల కుర్చీ దొరికింది."

"ఎవరు తెచ్చారు?"

"నేనే అడిగి తెప్పించాను." కాస్త ఆగింది. "మూడు వారాలనుంచీ పనయ్యాక ఆసుపత్రికి వెళ్తున్నాను. నీకు చెప్పలేదు. బాబాయ్ చెంచా పట్టుకోలేకపోతున్నాడు. నేనే తినిపిస్తున్నాను."

"ఏ చేత్తో?"

అన్నాక గానీ ఆ మాట ఎంత పదునో రొట్టెలమ్మకి తెలియలేదు. భర్త "ఏమే!" అన్నాడు. ముసలమ్మకి సగమే వినబడినా మొహం ముడుచుకుంది.

చిట్టి మాత్రం మామూలుగా చెప్పింది. "ఉన్నచేత్తో అమ్మా."

పిండి బల్లమీద చల్లబడుతోంది. రొట్టెలమ్మ దాన్ని తడిగుడ్డ కింద పెట్టింది. గుడ్డ అంచులు అవసరం లేకుండా సర్దింది.

"అయితే క్షమించేశావన్నమాట."

"బాబాయ్‌ని క్షమించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు."

"నీకు రాలేదేమో, నాకొచ్చింది. నువ్వు దేవదూతవి. నేను మనిషిని. చేయి నీదే, కాదన్నానా? కానీ తయారైంది నా కడుపులో. ఒక్కో వేలూ, ఒక్కో గోరూ. దాన్ని పోగొట్టినవాడికి నువ్వెళ్లి చెంచాతో తినిపిస్తే, ఇక్కడ నా గొంతులో ముద్ద ఎలా దిగుతుందో ఆలోచించావా?"

"అమ్మా, ఆ సంగతి ఇప్పుడు వద్దు."

"ఎందుకొద్దు? ఈ ఇంట్లో ఆ పట్టా చుట్టూ తిరిగినట్టు ఆ మాట చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతాం?" ఆమె గొంతు పెరిగింది. "ఆ మిషనుకి జాలీ మూత ఎందుకు పెట్టారు? మూత ఎత్తితే మిషను తిరక్కూడదనే కదా. తొందరపనిలో అది అడ్డమని, మూత కింది స్విచ్చిని నొక్కి కట్టేయడం ఎవరు మొదలుపెట్టారు? అతను కాదూ? సరే, కట్టడం తప్పని నేననను. తర్వాత అందరం కట్టాం. మీ నాన్న కట్టారు, నేను కట్టాను. కట్టినప్పుడల్లా పనయ్యాక విప్పాను. అతను విప్పలేదు. మూత ఎత్తి ఉంది, తిరగదులే అని నా కూతురు ధైర్యంగా చేయి పెట్టింది. మోచేయి ఆన్ బటనుకి తగిలింది. ఆ ముడి విప్పడానికెంతసేపు? రెండు క్షణాలు. నీ నాలుగు వేళ్లు అతనికి రెండు క్షణాల విలువ చేయలేదు."

చిట్టి మొహంలో నెత్తురు లేదు. ఏదో అనబోయింది. వెళ్లి కుళాయి తిప్పి ఎడమచేయి కడుక్కుంది. కడిగిన చేయినే కడుక్కుంటూ చాలాసేపు అటు తిరిగే నిలబడింది.

"పైగా," అంది తల్లి, గొంతు తగ్గించి, "ఏడేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తప్పయింది వదినా అన్నాడా? 'నేనే కట్టాను' అన్నాడు. పెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు. అంతే."

*

ఎండ తగ్గాక అయ్యగారు వచ్చారు. సైకిలు గోడకి ఆనించి, పిండిబస్తా మీద కూర్చున్నారు. కుర్చీ వేస్తానంటే వద్దన్నారు. పెళ్లిళ్లకీ సమాధులకీ వేసుకునే ఒకే నల్లకోటు ఉంది ఆయనకి, దాని వెనకంతా పిండే.

ఆయన ముసలమ్మ పెట్టె చూశారు. రేపటి రొట్టె సంగతి అడిగారు. ఆ తర్వాత కూడా లేవలేదు.

"అడగండి అయ్యగారూ," అంది రొట్టెలమ్మ. "అడగడానికేగా వచ్చారు."

"అడగడానికి కాదమ్మా. అడగనని చెప్పడానికొచ్చాను. రేపు అతను వస్తాడు. ఎప్పటిలాగే బల్లకి ముందు నేను ఆ మాట అంటాను: ఎవరికైనా ఎవరితోనైనా తెగని సంగతి ఉంటే లేచి వాళ్ల దగ్గరికి వెళ్లండి అని. నీ పేరు పెట్టి అన్నట్టు అనిపిస్తుందేమో. అలా అనుకోకు."

ఆమె నవ్వింది. సంతోషం లేని నవ్వు. "ఏడేళ్లుగా ఆ మాటప్పుడు వెనకబెంచీలో నేల చూస్తూ కూర్చుంటున్నాను. మన చర్చి నేలలో ఎన్ని పలకలున్నాయో మీకు తెలియదు, నాకు తెలుసు."

"అమ్మా..."

"ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఎన్నిసార్లు క్షమించాలో అడిగితే ప్రభువు చెప్పాడు. మొదటిసారి ఎలా క్షమించాలో ఎందుకు చెప్పలేదు? నాకు ఆ ఒక్కసారే చేతకావడం లేదు. రోజూ ప్రార్థన చేస్తాను. అందులో క్షమాపణ వాక్యం దగ్గరికి రాగానే నా పెదవులు ఆగిపోతాయి. పక్కన మా ఆయన చదువుతుంటారు, నేను ఆ వాక్యం దాటి అవతల కలుస్తాను. దేవుడికి తెలియదా? తెలుసు. అయినా రొట్టె పాడవకుండా పొంగనిస్తున్నాడు. అదే నాకర్థం కాదు."

అయ్యగారు చాలాసేపు తన బూట్లు చూసుకున్నారు. పుస్తకంలోంచి ఒక వాక్యం తీసి ఇస్తారనుకుంది. ఇవ్వలేదు.

"నాకూ తెలియదమ్మా," అన్నారు. "నా తమ్ముడితో నేను పదకొండేళ్లు మాట్లాడలేదు. ఒకరోజు వాడి చెప్పులు గుమ్మంలో చూశాను. మడమలు అరిగిపోయి ఉన్నాయి. అంతే, లోపలికెళ్లి పక్కన కూర్చున్నాను. ఎలా జరిగిందంటే చెప్పలేను. చెప్పుల గురించి ప్రసంగం చేయలేను కదా."

లేచి కోటు దులుపుకున్నారు. గుమ్మం దగ్గర ఆగారు.

"అతను నీ క్షమాపణ అడగడం లేదమ్మా. అది కూడా చెప్పాలి నీకు. చివరిసారి నీ చేతి రొట్టె తినాలని ఉంది, అన్నాడంతే."

*

ఆదివారం పొద్దున రొట్టె ఓవెన్‌లోంచి దింపేసరికి అత్తగారు గోనెపట్టా అంచున నిలబడి ఉంది. ఉతికిన చీర, భుజాన శాలువా. వెనక పెట్టెకి తాళం పడి ఉంది.

రొట్టె వాసన గదంతా నిండింది.

"నువ్వు దాన్ని కన్నావు," అంది ముసలమ్మ. ఎకసెక్కం లేదు గొంతులో. "నేను వాణ్ణి కన్నాను. ఆరోజు నాకు ఇద్దరిలో ఒకరి పక్కన ఉండాల్సి వచ్చింది. ఏడేళ్లు నీ పక్కనే ఉన్నాను. పిల్లకి కట్లు మార్చాను, నీ తల నిమిరాను. వాడికి ఒక్క ఉత్తరం ముక్క రాయించలేదు, నువ్వు బాధపడతావని. ఉన్నానా లేదా?"

"ఉన్నారు అత్తయ్యా."

"ఈ నాలుగు వారాలు వాడి పక్కన ఉండనీ. పోట్లాడి పోవడం లేదు. అడిగి పోతున్నాను."

రొట్టెలమ్మ చేతిలో ఉన్న గుడ్డ కింద పెట్టింది. ఈ మనిషి సూదిమాటలు ఏడేళ్లుగా వింటోంది. ఆ సూది ఎక్కడ గుచ్చుకుని ఉందో ఎప్పుడూ చూడలేదు. తన దుఃఖం అంత పెద్దది, దాని వెనక ఇంకో తల్లి నిలబడి ఉందని కనపడనేలేదు.

"పెట్టె ఇక్కడే ఉంచండి," అంది. "నేను వెళ్లొస్తాను."

తన శాలువా కప్పుకుని, రొట్టె బుట్ట పట్టుకుని వీధిలోకి నడిచింది. సగం దూరం పోయాక చూసుకుంది, ఏప్రను విప్పడం మరిచిపోయింది.

*

చర్చి పక్కగదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీలో నీళ్లగ్లాసు. మంచంమీద ఉన్న మనిషిని ఆమె గుర్తుపట్టలేదు. పొద్దున్నే బస్తా ఒంటిచేత్తో ఎత్తి, "వదినా, దీనికంటే నీ కోపమే బరువు" అని ఏడిపించే మనిషి. ఇప్పుడు దుప్పటి కింద మనిషున్నాడా లేడా అన్నట్టుంది.

"వదినా."

"ఊఁ."

"కూర్చో. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. పడేట్టు ఉంటుంది గానీ పడదు. ఇంతకాలం నాలాగే."

ఆమె కూర్చోలేదు. బుట్టని రెండు చేతులా పట్టుకుంది.

"ఒక మాట చెప్పడానికొచ్చాను. తప్పయిందని నీ నోట వినాలని ఏడేళ్లు చూశాను. నువ్వనలేదు. ఇంక అనక్కర్లేదు." అడుగంటిన బావిలోంచి నీళ్లు తోడినట్టు తోడింది మాటని. "నిన్ను క్షమించాను. దేవుడి ఎదుట చెబుతున్నాను. ఇంటికి రా."

అతను ఆమెనే చూశాడు. కళ్లల్లో నీళ్లు నిండాయి, చెంపలమీదకి రాలేదు. పెదవుల మీద ఏదో కదిలింది. నవ్వో, కాదో.

"సరే వదినా," అన్నాడు. "తీసుకున్నాను."

అంతే. ఇంత సులువా? కుర్చీలో కూలబడింది. నిజంగానే పడేట్టుండి పడలేదు. లోపల ఏళ్లుగా బిగుసుకున్నదేదో సడలుతున్నట్టనిపించింది. ఇవాళ తింటాను, అనుకుంది. ఇవాళ అందరితోపాటు నేనూ ఒక ముక్క తింటాను.

అతనికి దగ్గు తెర వచ్చింది. ఆమె లేచి, వీపుకింద చేయివేసి, తలగడ సర్దింది. తలగడ కింద ఉన్న బైబిలు జారి నేలమీద పడింది. వంగి తీసింది. పేజీల మధ్యనుంచి గుర్తుకి పెట్టుకున్న గుడ్డపేలిక సగం బయటికి వచ్చింది.

నీలిగళ్లది.

ఒక కొస తెగి పోగులు పోగులుగా ఉంది. రెండో కొస నల్లగా గట్టిపడి ఉంది. మధ్యలో ఇంకా ముడి ఉంది. ఎవరూ విప్పని ముడి.

"అది ఇటివ్వు వదినా," అన్నాడు. గొంతులో మొదటిసారి భయం.

ఆమె చూపు తన నడుం మీదకి దిగింది. నీలిగళ్ల నాడా ఒకటి. తెల్ల నాడా ఒకటి.

ఆరోజు కట్టడానికి తీగ దొరకలేదు. పెద్ద ఆర్డరు, తొందర. ఏప్రనుకి వదులుగా వేలాడుతున్న నాడాని పుటుక్కున లాగి స్విచ్చికి కట్టింది. పిండి పోసింది. మిషను ఆపింది. ఇంతలో దుకాణం ముందు ఎవరో పిలిచారు. విప్పే వెళ్లింది. విప్పినట్టు చేతులకి గుర్తు. రోజూ విప్పే చేతులు కదా, ఆరోజూ విప్పామనే చెప్పాయి. ఏడేళ్లుగా వాటినే నమ్మింది.

"విప్పాను," అంది. తన గొంతు తనకే ఎక్కడినుంచో వినిపించింది. "నేను విప్పాను కదా?"

అతను ఇవ్వమని చాచిన చేయి దించేశాడు.

"ఎందుకు? నేనే అని ఎందుకన్నావు?"

"దాన్ని తెంపితేనే మిషను ఆగింది. పిడికిట్లోనే ఉండిపోయింది. అన్నయ్య వచ్చి ఎవడు కట్టాడని అరిచాడు. నువ్వప్పటికే పిల్లని ఒళ్లో వేసుకుని, చేయి నీ కొంగులో చుట్టి, రెండు చేతులా అదిమి పట్టుకున్నావు. నువ్వే అని ఆ క్షణంలో తెలిస్తే నీ చేతులు వదిలేసేవి వదినా. పట్టుకోవడానికి దానికి ఒక తల్లి కావాలి కదా." దగ్గు ఆపుకున్నాడు. "తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత అన్నది రాలేదు. అయినా కట్టడం నేర్పింది నేనే. పూర్తి అబద్ధం కాదది."

"మరి తప్పయిందని..."

"చేయనిది ఒప్పుకోగలిగాను గానీ, దానికి క్షమాపణ అడగడం చేతకాలేదు. అది నటన అవుతుంది. అందుకే అన్నయ్య గెంటితే వెళ్లిపోయాను."

చర్చిలోంచి కీబోర్డు మొదలైంది. చిట్టి వాయిస్తోంది. ఎడమచేత్తో కింది స్వరాలు మాత్రమే. పాట నడక వినిపిస్తుంది, పాట వినిపించదు.

రొట్టెలమ్మ ఆ గోడవైపు చూసింది. "దానికి తెలుసా?"

అతను కళ్లు మూసుకున్నాడు.

"చెప్పు."

"మిషను ఆగేదాకా దాని చూపు ఆ నాడా మీదే ఉంది వదినా. ఆసుపత్రిలో మెలకువ రాగానే నన్నే పిలిపించింది. 'అమ్మకి చెప్పొద్దు బాబాయ్' అంది. పదిహేడేళ్ల పిల్ల. ఆ ఒక్క మాట. నిలబెట్టాను."

బాబాయ్‌ని క్షమించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. నిన్న వంటింట్లో చిట్టి అన్న మాట. ఏడేళ్లుగా ఆ పిల్ల తన చేతి అన్నం తింది. తన పక్కనే పడుకుంది. ఈ తల్లి తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగలాలో తెలిసి విన్నది. నిన్న చేయి కడుక్కుంటూ అటు తిరిగి నిలబడింది.

"ఎవరికీ చెప్పకు," అన్నాడతను. "అన్నయ్య తట్టుకోలేడు. అమ్మ నిన్నింక కోడలిలా చూడలేకపోతుంది. నాకు మిగిలినవి వారాలు. నీకు మిగిలింది ఇల్లు. నువ్వు క్షమించానన్నావు, నేను తీసుకున్నాను. సరిపోయింది. వెళ్లు, రొట్టెకోసం చూస్తుంటారు."

*

చక్రాల కుర్చీని భర్త తోసుకొచ్చి ముందు బెంచీ పక్కన ఆపాడు. తమ్ముడి భుజం మీద చేయి వేయబోయి, వేయలేక, కుర్చీ పిడి పట్టుకునే నిలబడి, తర్వాత వెనక్కి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. ముసలమ్మ మాత్రం కొడుకు చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. పెట్టెలో చీర మడిచినట్టు వేళ్లు ఒక్కొక్కటే మడుస్తోంది, విప్పుతోంది.

రొట్టె బల్లమీద తెల్లగుడ్డ కింద ఉంది.

"నువ్వెళ్లి వాణ్ణి రమ్మన్నావట," అన్నాడు భర్త చెవి దగ్గర. "నాకు చేతకానిది నువ్వు చేశావే."

ఆమె కుడి అరచేతికి చుట్టుకున్న నాడా చెమటకి తడిసింది. ముడి అరచేతిలో రాయిలా గుచ్చుకుంటోంది.

అయ్యగారు లేచారు. ఎప్పటిమాటే అన్నారు. ఎవరికైనా ఎవరితోనైనా తెగని సంగతి ఉంటే, బల్లకి ముందే లేచి వాళ్ల దగ్గరికి వెళ్లండి.

కీబోర్డు మెల్లగా సాగుతోంది.

ఇన్నేళ్లూ ఈ సమయంలో ఆమె నేల చూసేది. క్షమించలేక. ఇవాళ క్షమించి వచ్చింది. ఇవాళ తినొచ్చు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, పళ్లెం తనదగ్గరికి వస్తుంది, తింటుంది. పక్కన భర్త మురిసిపోతాడు. సాయంత్రానికి అత్తగారి పెట్టె మంచం కిందకి పోతుంది. ముందుబెంచీలో ఉన్న మనిషి కొన్ని వారాల్లో ఆ మాటని తనతో తీసుకుపోతాడు.

ఆమె లేచి నిలబడింది.

"మళ్లీ ఎందుకే? పొద్దునే అయిపోయిందిగా," అంటూ భర్త శాలువా అంచు పట్టుకున్నాడు. శాలువా అతని చేతిలోనే ఉండిపోయింది. నీలిగళ్ల ఏప్రనుతో ఆమె బెంచీల మధ్యకి వచ్చింది.

కీబోర్డు ముందున్న చిట్టి తలెత్తింది. తల్లి మొహం చూసింది. చేతికి చుట్టి ఉన్నది చూసింది.

ఎడమచేయి ఆగిపోయింది. చున్నీ కిందినుంచి కుడిచేయి, బొటనవేలొకటే ఉన్న ఆ చేయి, తనకు తెలియకుండానే పైకి లేచింది. వద్దమ్మా, అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఒకసారి. మళ్లీ.

పాట ఆగిన సంగతి ముసలమ్మకి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు అందరికీ వినిపించింది.

"పాట ఆగిందేం? ఎవరు లేచారు?"

కుర్చీలో మనిషి తల కష్టంగా సగం వెనక్కి తిప్పి, వాలిన కళ్లతోనే బతిమాలుతున్నాడు.

రొట్టెలమ్మ ఇంకో అడుగు వేసింది.

"నేనే, అత్తయ్యా," అంది.